డబ్బా బాకీ

వరంగల్ దిక్కు మా నెక్కొండలో పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పెట్టి పంపితే ఆ గిన్నెను ఉత్తగా తిరిగిచ్చే ఇల్లు నేను చూడలేదు. ఇంట్లో వండింది ఏదైనా ఉంటే అది పెడతారు. లేకపోతే గుప్పెడు చక్కెర. అదీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలు, పెరట్లో తెంపిన కరివేపాకు రెబ్బ. పిల్లలు తొందరపడి కడిగిన గిన్నె పట్టుకుని గడప దాటబోతే వెనక నుంచి పెద్దామె కేక వేస్తుంది: "ఉత్త గిన్నె పట్టుకపోతున్నవా? ఇంట్ల ఏం లేనట్టు!" ఇంట్లో నిజంగానే ఏమీ లేని రోజుల్లో కూడా ఆ కేక అంతే గట్టిగా వినపడేది.

దీంట్లో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, కూరకూ చక్కెరకూ ఎవరూ లెక్క కట్టరు. గుప్పెడు చక్కెర పోసి పంపినంత మాత్రాన గిన్నెడు వంకాయ కూర బాకీ తీరదు. పైగా చక్కెర అందుకున్నామెను మనం కొత్తగా బాకీలో పడేసినట్టవుతుంది. ఆమె మరో వారానికి శనగ గుడాలు చేసి పంపుతుంది. ఇరవై ఏళ్ళు ఇలా గడిచాక ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చమంటే ఏ పట్వారీ వల్లా కాదు. ఆ లెక్క తేలనంత కాలం రెండిళ్ళ గోడ దగ్గర మాటలు నడుస్తూనే ఉంటాయి. మాటలు బందయిన ఇళ్ళలో ముందు ఆగిపోయేది కూడా గిన్నెల రాకపోకలే.

మరి తినేది పోస్టులో పంపితే ఈ గిన్నె సంగతేమిటి?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. చాలా ఏళ్ళ కింద హైదరాబాదులో ఒక లేడీస్ హాస్టల్లో ఒకే అంతస్తులో ఉన్న కొందరం ఇప్పుడు తలో దిక్కున ఉన్నాం. ఒకామెది కాకినాడ. ఒకామెది ప్రొద్దుటూరు. ఒకామె ఉట్నూరులో టీచరు. శ్రీకాకుళం ఆమె బెంగళూరులో స్థిరపడింది. ఇంకొకామె పెళ్ళయి న్యూజెర్సీ పోయింది. నేను తిరిగి తిరిగి నెక్కొండకే చేరాను. హాస్టల్ రోజుల్లో పండుగకు ఇళ్ళకు పోయి తిరిగొచ్చిన సోమవారం మా గదుల్లో మూతలు తీయని డబ్బా ఉండేది కాదు. మెస్సులో పోసే చారునీళ్ళను భరించింది ఆ డబ్బాల బలంతోనే. ఈ మధ్య ఒకసారి ఫోన్లో మాట్లాడుకుంటూ, ఆ డబ్బాలనే మళ్ళీ నడిపిద్దాం, ఈసారి పోస్టులో, అనుకున్నాం. ఎవరింట్లో చేసింది వాళ్ళు పంపాలి. వాళ్ళ దిక్కుదై ఉండాలి. దారిలో వారం రోజులైనా పాడవకుండా నిలవాలి. కొన్నది పనికిరాదు.

అంతవరకూ అందరం ఒక్క మాట మీదే ఉన్నాం. ఆ తర్వాత బెంగళూరు ఆమె ఒక ఎక్సెల్ షీటు పంపింది. ఆమె ఉద్యోగం అలాంటిది, తప్పు పట్టలేం. నెలకొకసారి చీటీలు తీయాలి, ఎవరి పేరు ఎవరికి వస్తే వాళ్ళిద్దరూ పంపుకోవాలి, కిలోకు కిలో, ఫలానా తేదీ లోపల. పంపినట్టు రసీదు ఫోటో పెట్టాలి. అమెరికాలో ఇలాంటివి నడుస్తున్నాయట. ఇంట్లో చేసిన జాములూ ఊరగాయలూ రొట్టెలూ తెచ్చి బల్లల మీద పెట్టుకుని, డబ్బు మాట లేకుండా మార్చుకునే మేళాలు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 2010 ప్రాంతంలో మొదలై ఊరూరా పాకాయి. పద్ధతి చక్కగానే ఉంది. కానీ ఆ షీటు చూస్తుంటే నాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కాంటా గుర్తొచ్చింది. కిలో సకినాలకు కిలో మామిడి తాండ్ర తూకం సరిపోతే, ఇక ఆమెకూ నాకూ మధ్య ఏం మిగిలింది? ఇద్దరం చెల్లుకు చెల్లు. మళ్ళీ ఫోన్ చేయడానికి ఒక సాకు కూడా ఉండదు.

నా అభ్యంతరానికి పెద్దల సాక్ష్యం కూడా దొరికింది. మార్సెల్ మాస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో ఇచ్చిపుచ్చుకోవడాల మీద ఒక దీర్ఘవ్యాసం రాశాడు. ఇవ్వడం, తీసుకోవడం, తిరిగి ఇవ్వడం, మూడూ మనుషులను కట్టిపడేసే బాధ్యతలే అంటాడాయన. అంతకు మూడేళ్ళ ముందు, 1922లో, మాలినోవ్‌స్కీ అనే మరో పండితుడు న్యూగినీ తూర్పు దీవుల వాళ్ళ కులా అనే ఆచారం గురించి పుస్తకమే రాశాడు. ఎర్ర గవ్వల దండలు ఒక దిక్కుగా దీవి నుంచి దీవికి ప్రయాణిస్తుంటాయి, తెల్ల గవ్వల కంకణాలు దానికి ఎదురు దిక్కుగా. దండ అందుకున్నవాడు అక్కడికక్కడే కంకణం చేతిలో పెట్టి చేతులు దులుపుకోడు. కొంతకాలం గడవాలి. బేరం ఆడకూడదు. ఆ మధ్య కాలమంతా ఇద్దరి మధ్య ఒక బాకీ బతికి ఉంటుంది. ఆ బాకీ ఉందన్న ధైర్యంతోనే వాళ్ళు పడవలేసుకుని సముద్రం దాటి పోతారు.

మా వీధిలో అమ్మలక్కలకు ఈ శాస్త్రం చదవకుండానే తెలుసు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద చూడాలి. బతుకమ్మలను నీళ్ళలో వదిలాక ఆడవాళ్ళంతా కూర్చుని తెచ్చుకున్న సద్దులు విప్పుతారు. పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మక్క సత్తుపిండి, మలీద ముద్దలు. ఎవరిది వాళ్ళు తినడం అక్కడ లేదు. నా సత్తు నీ కొంగులో, నీ సత్తు నా కొంగులో. ఇద్దరిదీ ఒకే మక్కపిండి, ఒకే బెల్లం కావచ్చు, ఒకే గిర్నీలో పట్టించింది కూడా కావచ్చు. అయినా మార్చుకోవాల్సిందే. సరుకు కోసమే అయితే ఈ మార్పిడికి అర్థమే లేదు. పీరీల పండుగకు మలీద ఇచ్చే ఇళ్ళవాళ్ళూ, రంజాన్ నాడు షీర్‌ఖుర్మా గిన్నెలు పంపే ఇళ్ళవాళ్ళూ ఈ లెక్కలోని వాళ్ళే. ఆ గిన్నెలు మా ఇంటి నుంచి ఉగాది బూరెలతో తిరిగి పోయేవి, కొన్నిసార్లు రెండు నెలలు ఆలస్యంగా. ఆలస్యమైందని ఎవరూ అడగలేదు. గిన్నె ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

అందుకని నేను షీటుకు ఒప్పుకోలేదు. చీటీలు వద్దు, తూకం వద్దు, తేదీ వద్దన్నాను. ఎవరికి ఏది పంపాలనిపిస్తే అప్పుడు పంపడం, అందుకున్నవాళ్ళు పంపినామెకే తిరిగి పంపాలన్న నియమం లేకుండా మరొకరికి పంపడం. "అట్లయితే ఎవరూ పంపరు" అంది బెంగళూరు ఆమె. ఆమె భయం ఉట్టిదేం కాదు. తేదీ లేకపోతే బద్ధకం ముందు కూర్చుంటుంది. చివరికి, పండుగ దాటకూడదు అన్న ఒక్క కట్టుబాటుకు దిగాం.

మొదటి వంతు నాది. సంక్రాంతి దగ్గరికొచ్చింది కాబట్టి సకినాలు తప్ప వేరే ఆలోచన రాలేదు. కొత్త బియ్యం నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి, పరిచిన తెల్ల బట్ట మీద చేత్తో మెలేస్తూ చుట్లు చుట్లుగా తిప్పాలి. నేర్చిన చేయి కాకపోతే పిండి తెగిపోతుంది. ఒక్కదానివల్ల అయ్యే పని కూడా కాదు. సంక్రాంతి ముందు వారం మా వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకరింటి తర్వాత ఒకరింట్లో కూర్చుని చుట్టిస్తారు. అంటే పోస్టులో పోతున్నది నా చేతి సకినాలేనని చెప్పడానికి లేదు. కాకినాడకు పోయిన డబ్బాలో సగం చుట్లు మా ఎదురింటి పెద్దమ్మవి. అవి ఏవో నాకు తెలుస్తుంది, ఎందుకంటే ఆమె చుట్లు నావాటికంటే గుండ్రంగా ఉంటాయి.

సకినం తినడానికి ఎంత గట్టిదో ప్రయాణానికి అంత అర్భకురాలు. నూనెలో తడి అంతా పోయేదాకా కాలుతుంది కాబట్టి నెల దాటినా పాడవదు, గాలి తగలకుండా చూస్తే చాలు. కానీ విరుగుతుంది. ఒక కొరియర్‌లో పంపిన డబ్బా బెంగళూరు చేరేసరికి దాంట్లో ఒక్క చుట్టు కూడా చుట్టుగా లేదు. ఆ తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాను. డబ్బా అడుగున మరమరాలు పోసి, ఒక వరుస సకినాలు పేర్చి, మళ్ళీ మరమరాలు, మళ్ళీ సకినాలు. సందు లేకుండా పైదాకా నింపి మూత బిగించాలి. కదిలే చోటు లేకపోతే విరగవు. థర్మకోల్ ముక్కలూ బుడగల కవరూ ఎందుకు, చెత్తకుప్పలో పడేయడానికి? ఈ పద్ధతిలో ప్రొద్దుటూరు పోయిన డబ్బా గురించి ఆమె ఫోన్ చేసింది. "ఏమ్మే, సకినాలు బాగుండాయిలే గానీ, ఆ బొరుగులు ఎక్కడివే? తడిపి పిండి, పుట్నాల పొడి ఏసి ఉగ్గాని చేసినా. మా ఇంట్లో అందరూ దాన్నే మెచ్చుకున్నారు." అడ్డం పెట్టిన సరుకు పళ్ళెంలోకి ఎక్కి పండుగ పిండివంటను వెనక్కి నెట్టింది. మా దిక్కు మరమరాలు పోపు పెట్టుకుని తింటాం తప్ప నీళ్ళలో తడపడం ఎరగం. మరుసటి వారం నేనూ ఉగ్గాని చేశాను. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలని ఆమె నొక్కి చెప్పింది, ఆ మాట నిజమే.

ఈ డబ్బాల వల్ల ఒక సంగతి బయటపడింది. "మా దిక్కుది" అని చెప్పుకోవడానికి ఏముందో కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది ఎవరికీ పట్టదు. నెక్కొండ చుట్టుపక్కల పత్తి, వరి, మక్కలు, మిర్చి, పసుపు. ఇందులో డబ్బాకెక్కేది ఏది? మిర్చి అనుకున్నాను. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా లావుగా, మెరిసే ఎరుపుతో ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. రంగు తీయడానికీ పచ్చళ్ళకూ దాన్ని వెతుక్కుంటూ వస్తారు. పండు మిరపకాయలు తెంపే కాలంలో చింతపండు, ఉప్పు వేసి రోట్లో తొక్కి, మెంతిపిండి, ఎల్లిపాయ కలిపి జాడీకెత్తి పెట్టుకుంటే ఏడాది తొక్కు. కాకినాడకు ఒక సీసా పంపాను. చాలా రోజులు ఏ కబురూ లేదు. తర్వాత ఫోన్ చేసి నవ్వింది. "ఆ ఎరుపు చూసి హడలిపోయానే బాబూ! ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తీరా చూస్తే కారమే లేదు!" గుంటూరు మిరపకాయకు అలవాటుపడ్డ కళ్ళు మరి.

ఆమె తన వంతుగా మామిడి తాండ్ర పంపింది, నాకు కాదు, ఉట్నూరుకు. ఎండాకాలం మేడ మీద చాప పరిచి, రసం ఒక పూత పూసి ఎండనిచ్చి, మళ్ళీ పూత, మళ్ళీ ఎండ. పొరలు దళసరి కట్టేదాకా రోజుల తరబడి సాగే పని. ఊరంతా దుకాణాల్లో తాండ్ర దొరుకుతుండగా ఇదంతా ఎందుకమ్మా అని ఇంట్లో వాళ్ళు విసుక్కున్నారట. నిజానికి మా నియమాల్లో ఎక్కువ గొడవ పెట్టింది ఈ "కొన్నది పనికిరాదు" అన్నదే. కాకినాడ అంటే గొట్టం కాజా కదా, ఇంట్లో ఎవరు చేస్తారు? కోటయ్య కాజా పంపితే అది కాకినాడది కాకుండా పోతుందా? ఆత్రేయపురం పూతరేకుకు 2023లో, బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవి ఊరి పేరుతో బతికే పిండివంటలు, కానీ వాటి వెనక ఉన్నది ఆ ఊళ్ళలోని పనివాళ్ళ చేతులు. ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో వచ్చే విద్య కాదది. ప్రొద్దుటూరు ఆమె వాదన ఇది: మా ఊరి వాళ్ళ చేతిది అయితే చాలు, నా చేతిదే ఎందుకు కావాలి? నేను గట్టిగా అడ్డం తిరిగాను. డబ్బిచ్చి కొని పంపిన దానికి ధర ఉంటుంది. ధర ఉన్న చోట అందుకున్నామె మనసులో ఒక అంకె పడుతుంది. పెద్దమ్మ చుట్టిన సకినానికి ఏ అంకె వేస్తారు? ఈ విషయంలో మా మధ్య రాజీ ఇంకా కుదరలేదు. కాకినాడ ఆమె మాత్రం తాండ్ర కింద రెండు పొట్లాల కాజా దొంగతనంగా పెట్టి పంపుతోందని ఉట్నూరు నుంచి సమాచారం.

ఉట్నూరు ఆమె పంపింది ఇప్పపువ్వు లడ్డూలు. ఆదిలాబాదు అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారుజామున రాలిన ఇప్పపువ్వును ఏరి ఎండబెట్టుకుంటారు. దాన్ని వేయించి నువ్వులు, పల్లీలు, బెల్లంతో దంచి ముద్దలు కడతారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఈ లడ్డూలు చేసి అమ్ముతోంది కూడా. ఈమె మాత్రం కొన్నది వద్దన్నారు కదా అని, బడిలో పిల్లల తల్లుల దగ్గర కూర్చుని నేర్చుకుని చేసింది. ఇప్పపువ్వు అనగానే మాకందరికీ సారా గుర్తొచ్చింది, సిగ్గులేకుండా చెప్పాలంటే. మొదటి లడ్డూ కొంచెం అనుమానంగానే కొరికాం. ఎండు ద్రాక్షకూ బెల్లం పాకానికీ మధ్య ఏదో రుచి, చివర్లో కొద్దిగా పొగ వాసన. నెక్కొండ నుంచి ఉట్నూరు అంత దూరమేం కాదు, ఒకే రాష్ట్రం. కృష్ణా ఎక్స్‌ప్రెస్ మా లైన్ మీదుగానే ఆదిలాబాదు పోతుంది. అయినా ఇంత వయసొచ్చేదాకా నేను ఇప్పపువ్వు నోట్లో పెట్టుకోలేదు. న్యూజెర్సీలో ఏం తింటారో మాత్రం తెలుసు.

మా ఊరి మీదుగా పోయే ఆ రైలు దారి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1889 నాటికి నిజాం రైలు సికింద్రాబాదు నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది. బెజవాడ నుంచి జాడీ బయల్దేరితే మా దాకా రావడానికి పట్టాలు అప్పటి నుంచే ఉన్నాయి. పట్టాలు కలిసినంత తేలిగ్గా రాజ్యాలు కలవలేదు. ఇటు నిజాం తపాలా వేరు. 1869 నుంచి దానికి సొంత స్టాంపులు ఉండేవి, 1950లో గానీ అది భారత తపాలాలో కలవలేదు. సరిహద్దు దాటే సరుకు మీద సుంకం వసూలు చేయడానికి కరోడ్‌గిరి నాకాలు కాచుకుని ఉండేవి. అటు దొరల పాలన, ఇటు నవాబు. మధ్యలో ఆవకాయ జాడీ పట్టుకున్న కొత్త కోడలు. పుట్టింటి జాడీకి సుంకమేమిటని ఆ రోజుల్లో ఎందరు నాకాల దగ్గర గొంతు చించుకున్నారో.

నాకాలు పోయాయనుకుంటాం గానీ పోలేదు, దూరం జరిగాయి. న్యూజెర్సీ డబ్బా దగ్గర మాకది తెలిసింది. అమెరికాలో 2002 నాటి ఒక చట్టం ప్రకారం బయటి నుంచి తిండి సరుకు రావాలంటే వాళ్ళ ఆహార శాఖకు ముందుగా తెలియజేయాలి. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది. ఒక మనిషి తన ఇంట్లో స్వయంగా చేసి, అక్కడున్న మరో మనిషికి స్వయంగా బహుమతిగా పంపితే ఆ ముందస్తు కబురు అక్కర్లేదు. ఇది చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. వాషింగ్టన్‌లో కూర్చుని చట్టం రాసినవాడికి కూడా అమ్మ చేసి పంపిన డబ్బా వేరని తెలుసన్నమాట! మాంసం ఉన్నవి మాత్రం కుదరవు. కోడి తొక్కు మీద ఆశ పెట్టుకోవద్దని న్యూజెర్సీ ఆమెకు ముందే చెప్పాం.

ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. చిన్న విలువ పొట్లాలకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టులో ఎత్తేసింది. వసూలు ఎవరు చేయాలి, ఎలా చేయాలి అన్నది తేలక ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. మళ్ళీ మొదలైంది అక్టోబరు 15న. బతుకమ్మ, దసరా రెండూ సరిగ్గా ఆ మధ్యలోనే వచ్చాయి. మలీద ముద్దలూ సత్తుపిండీ నెయ్యి వాసనతో మా ఇంట్లోనే ఉండిపోయాయి. ప్రైవేటు కొరియర్‌లో పంపితే సుంకంతో కలిపి ఎంతవుతుందో అడిగాను. ఆ అంకె విన్నాక మా అమ్మ, "దానికంటె పిల్లనే ఈడికి పిలుసుకుంటె అయిపాయె" అంది.

ఆ పండుగకు న్యూజెర్సీ ఆమె ఏం చేసిందో తర్వాత చెప్పింది. నాకు ఫోన్ చేసి కొలతలు కనుక్కుని, అక్కడి మక్కపిండి దోరగా వేయించి, బెల్లం కలిపి సత్తుపిండి తనే చేసింది. రావాల్సిన డబ్బా రాలేదు కాబట్టి ఇవ్వాల్సింది ఆపకూడదని, ఒక చిన్న డబ్బాలో పెట్టి పక్కింటి గుజరాతీ ఆమెకిచ్చింది. ఆమెకు బతుకమ్మ అంటే ఏమిటో తెలియదు, వాళ్ళకప్పుడు గర్బా హడావుడి. రెండు రోజుల తర్వాత డబ్బా తిరిగొచ్చింది. లోపల ఢోక్లా. "నేనేం చెప్పలేదే! ఆమెకెవరు నేర్పారే ఇది?" అని నన్నడిగింది. నేను మాలినోవ్‌స్కీ పేరు ఎత్తబోయి ఊరుకున్నాను. కులా దీవుల పేర్లు చెప్పేలోపు ఆమె ఫోన్ పెట్టేస్తుంది.

పంపే దారుల గురించి కొంచెం. హాస్టల్లో ఉన్నప్పుడు నాకు పోస్టులో పంపే పార్సిలును నాన్న తెల్ల గుడ్డలో పెట్టి సూదీ దారంతో కుట్టి, కుట్టు మీద లక్క అద్ది, అడ్రసు ఆ గుడ్డ మీదే సిరాతో రాసేవాడు. ఇప్పుడు అట్టపెట్టె, చుట్టూ టేపు. స్పీడ్ పోస్టు 1986 నుంచి ఉంది. కౌంటర్లో ఆయన "ఏమున్నదమ్మా ఇండ్ల?" అని అడుగుతాడు. సకినాలంటే నవ్వి తూకం వేస్తాడు, తొక్కు అంటే మాత్రం పెట్టెను తలకిందులు చేసి చూస్తాడు. ఆయన జాగ్రత్త ఆయనది. నూనె కారితే మిగతా ఉత్తరాలన్నీ పాడవుతాయి. అందుకని తొక్కు సీసాలో నూనె మూత దాకా పోయను. మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, సీసాను రెండు కవర్లలో కట్టి, చుట్టూ పాత చీర ముక్క చుడతాను. చీర ముక్కలు ఎవరూ తిరిగి పంపరు గానీ, నా పాత వెంకటగిరి చీర అంచు ప్రొద్దుటూరులో మిక్సీ మీద కప్పి ఉందని ఫోటోలో చూశాను.

దగ్గరి దూరాలకు ఆర్టీసీయే మేలు. ఒకప్పుడు కండక్టరు చేతిలో పెట్టి, బస్సు నంబరు ఫోన్లో చెప్పేవాళ్ళం. అతని మంచితనం మీద నడిచేది. 2020 నుంచి ఆర్టీసీ కార్గో వచ్చాక రసీదుతో పని జరుగుతోంది. భద్రాచలం సీతారామ కల్యాణం తలంబ్రాలను కూడా అదే కార్గో ఇళ్ళకు చేరుస్తోంది. దేవుడి పెళ్ళి బియ్యం బస్సెక్కి వస్తుంటే మా సత్తుపిండి ఎక్కడానికి ఏం తక్కువ?

ఇన్ని దారులున్నా పెట్టెకు ఎక్కేవి కొన్నే. ఎండినవి, వేగినవి, ఉప్పులోనో బెల్లంలోనో ఊరినవి. మా స్నేహితురాళ్ళకు నెక్కొండ రుచి అంటే కరకరలాడే సకినం, ఎర్రటి తొక్కు. నాకు కాకినాడ అంటే తాండ్ర. బెంగళూరు ఆమె పంపిన చిమ్మిలితోనే నేను శ్రీకాకుళాన్ని ఊహించుకుంటున్నాను. కానీ నేను రోజూ తినేది పచ్చిపులుసు, జొన్నరొట్టె, కాల్చిన మక్క కంకి. వాటిలో ఏదీ పోస్టాఫీసు గడప తొక్కదు. ప్రయాణానికి పనికొచ్చేవాటినే చూసి ఒక ఊరి వంటను అంచనా వేయడం, పెళ్ళిచూపుల్లో కట్టిన చీరను చూసి అమ్మాయిని అంచనా వేసినట్టుంటుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఎల్లిపాయ వేసి ముద్ద చేసి, మందపాటి గంజు లోపల అంచుల దాకా ఒత్తి, వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద వదిలేయాలి. అడుగు ఎర్రగా కాలి పెళుసవుతుంది, పైన మెత్తగా ఉంటుంది. ఆ రెండూ ఒకే ముక్కలో ఉండేది గంజు దించిన కాసేపే. పూట గడిస్తే తోలులా సాగుతుంది. హాస్టల్‌కు కూడా నేను దీన్ని ఏనాడూ తీసుకుపోలేదు. ఇన్నేళ్ళ స్నేహంలో వాళ్ళెవరూ దీన్ని రుచి చూడలేదు. కాకినాడ ఆమె నా దగ్గర కొలతలు తీసుకుని నాన్‌స్టిక్ పెనం మీద చేసింది. ఫోటో పంపి, "ఇదేనా?" అని అడిగింది. కాదని చెప్పలేక, గంజు కావాలన్నాను. "అయితే గంజు పోస్టు చెయ్యి" అంది. ఇనుప సామాను తూకానికి ఎంతవుతుందో ఆమెకు చెప్పాను.

దానితో అది ఆగిపోయిందనుకున్నాను. మొన్న ప్రొద్దుటూరు ఆమె ఫోన్ చేసి, కాకినాడ ఆమెతో మాట్లాడానని, ఇద్దరం నెక్కొండకే వస్తున్నామని చెప్పింది. ఉట్నూరు ఆమె బడికి సెలవులిచ్చాక అట్నుంచి వస్తుందట. సర్వపిండి కోసం ఎవరైనా ఇంత దూరం వస్తారా అంటే, "నువ్వు బాకీ ఉండావు గదే, నా ఉగ్గానికి" అంది. ఉగ్గాని బాకీ ఎవరు ఎవరికి ఉన్నారో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు. బొరుగులు నావే కదా! వరంగల్‌లో దిగి బస్సెక్కాలా, నెక్కొండలోనే ఆగే బండి చూసుకోవాలా, తొందరగా కనుక్కొని చెప్పమంది. మా అమ్మ అప్పుడే అటక మీద నుంచి రెండో గంజు దించమంటోంది. ఒక్క గంజులో ముగ్గురికి సరిపోదట.